అలక ఎరగని బొమ్మలు

ఒకప్పుడు బూతు పుస్తకం కొనాలంటే మగవాడు నానా అవస్థా పడాల్సి వచ్చేది. బస్టాండులోనో, రైల్వేస్టేషన్లోనో పుస్తకాల కొట్టు ముందు నిలబడి, తెలిసినవాళ్ళెవరూ లేరు కదా అని నాలుగువైపులా చూసుకుని, గొంతు తగ్గించి అడిగితే కొట్టువాడు కింద అరలోంచి తీసి పాత పేపర్లో చుట్టి ఇచ్చేవాడు. ఇంటికి తెచ్చాక దాన్ని దాచటం మరో యాతన. పరుపు కింద పెడితే భార్య కంటపడుతుంది, అటక మీద పెడితే పిల్లాడి కంటపడుతుంది. తప్పు చేస్తున్నానన్న భయం ఆ పుస్తకానికి అట్టలాగా అంటిపెట్టుకునే ఉండేది.

1980ల్లో వీడియోలొచ్చాయి. ఆడవాళ్ళు పుట్టింటికెళ్ళిన రోజు చూసి నలుగురు స్నేహితులు కలిసి అద్దెకు వీసీఆర్ తెచ్చుకునేవాళ్ళు. ఆ తర్వాత డబ్బింగ్ మళయాళ సినిమాల పేరుతో ఉదయం ఆటలు, మధ్యలో అతికించిన 'బిట్లు', ఆడపిల్లలు బడికి వెళ్ళే దారిలోనే గోడలనిండా వాటి పోస్టర్లు! 1974లో హైదరాబాదులో పుట్టిన ప్రగతిశీల మహిళా సంఘం నాటినుంచీ మన మహిళా సంఘాలు ఈ పోస్టర్ల మీద పోరాడుతూనే వచ్చాయి. నిచ్చెనలేసుకుని ఎక్కి తారు పూసిన అక్కచెల్లెళ్ళున్నారు. 1986లో స్త్రీలను అసభ్యంగా చూపటాన్ని నిషేధిస్తూ పార్లమెంటు ఒక చట్టమే చేసింది.

గోడమీది బొమ్మకి తారు పూయొచ్చు. అరచేతిలో బొమ్మకి ఎవరు పూస్తారు?

మా నడికుడి జంక్షన్లో గుంటూరు నుంచి మాచర్ల వెళ్ళే లైనూ, బీబీనగర్ నుంచి నల్గొండ, మిర్యాలగూడ మీదుగా వచ్చే లైనూ కలుస్తాయి. ప్లాట్‌ఫారం మీద రైలు కోసం చూసేవాళ్ళలో సగంమంది తలలు ఫోన్లలోకి వంగి ఉంటాయి. అందులో పాటలు వినేవాడున్నాడు, పరీక్షకి చదివేవాడున్నాడు, మిర్చి ధర చూసుకునే రైతున్నాడు. మనకెవరికీ చూపించలేనిది చూసేవాడూ ఉన్నాడు. ఎవరు ఏం చూస్తున్నారో పక్కన కూర్చున్నవాళ్ళకి కూడా తెలీదు. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక ఇంటర్నెట్ ఖర్చు దాదాపు లేనట్టే అయింది. చాటుగా కొనాల్సిన పనీ లేదు, దాచుకోవాల్సిన పనీ లేదు. వేలితో ఒక్కసారి తోస్తే మాయం.

ఇంకో సంగతి. 2019-20లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడిన ఆడవాళ్ళు నూటికి 21 మంది. మగవాళ్ళు నూటికి దాదాపు 49 మంది. ఆ తర్వాత అంకెలు పెరిగే ఉంటాయి, కానీ ఆ తేడా చూడండి. ఒకే ఇంట్లో ఉంటూ, ఒకే కంచంలో తింటూ, మగవాడొక్కడే రోజూ వెళ్ళొచ్చే ఊరు ఒకటుంది. ఆ ఊళ్ళో వాడు ఏం నేర్చుకుని వస్తున్నాడో ఆ ఇంటి ఇల్లాలికి తెలీదు. తెలిసేది రాత్రిపూట, తలుపు గడియ పడ్డాక.

"ఎవరితో చెప్పమంటారక్కా?"

కథలు రాస్తానని తెలిసి కొంతమంది నాతో మనసు విప్పుతారు. "రాయొద్దుగానీ వినండి" అని మొదలుపెడతారు. చివరికి "పేరు లేకుండా రాస్తే రాయండి, ఎవరికన్నా పనికొస్తుంది" అంటారు.

ఒకమ్మాయికి పెళ్ళై నాలుగేళ్ళు. "మా ఆయన తాగడు, కొట్టడు. జీతం తెచ్చి చేతిలో పెడతాడు. రాత్రయితే మాత్రం ఫోను నా మొహమ్మీద పెట్టి 'చూడు, ఇట్లా ఉండాలి' అంటాడు. నాకు నొప్పి అంటే 'వాళ్ళకి లేని నొప్పి నీకేంటి' అంటాడు. ఆయన నాతో కాపురం చెయ్యట్లేదక్కా, ఆ ఫోన్లో మనిషితో చేస్తున్నాడు. నేను మధ్యలో అద్దెకొచ్చిన ఒళ్ళుని" అంది. అమ్మతో చెప్పబోతే "మొగాళ్ళు అట్లానే ఉంటారు, సర్దుకుపో" అన్నదట. అత్తగారితో చెప్పటమా? అంతకన్నా బావిలో దూకటం నయం.

ఇంకొకావిడ కష్టం దీనికి తలకిందులు. భర్త ఏమీ అడగడు. అసలు ఇటు తిరగనే తిరగడు. దుప్పట్లోంచి వెలుగు మాత్రం కనిపిస్తుంది. "నేను లావయ్యానా, నల్లబడ్డానా అని అద్దంలో చూసుకుని ఏడ్చేదాన్ని. తప్పు అద్దంలో లేదని తెలుసుకునేసరికి మూడేళ్ళు పట్టింది" అన్నది.

ఈ ఇద్దరి ఇళ్ళలో పెద్ద గొడవలేమీ లేవు. ఇరుగుపొరుగు వాళ్ళని అడిగితే "ముచ్చటైన జంట" అంటారు. పంచాయితీ పెట్టేందుకు ఒంటిమీద దెబ్బలేవీ? అయినా ఇద్దరి కాపురాల్లోనూ ఏదో చచ్చిపోయింది.

పాఠం ఏమిటి?

"ఏదో సరదాకి చూస్తారు, దానికింత రాద్ధాంతమా?" అనేవాళ్ళున్నారు. పెళ్ళైన జంటలు ఇద్దరూ ఇష్టపడి ఏం చూసుకుంటారో అది వాళ్ళ సొంత విషయం, నాకు పేచీ లేదు. నా పేచీ ఆ బొమ్మలు చెప్పే పాఠంతో.

అమెరికాలో కొందరు పరిశోధకులు బాగా అమ్ముడుపోయిన ఇలాంటి వీడియోల్లోంచి 304 దృశ్యాలను వరసగా పరిశీలించి 2010లో ఫలితాలు ప్రచురించారు. వాటిలో నూటికి 88 దృశ్యాల్లో చెంపదెబ్బలు, జుట్టు పట్టి లాగటం, గొంతు నొక్కటం లాంటి హింస ఏదో ఒకటి ఉంది. ఆ హింస పడింది దాదాపు ఎప్పుడూ ఆడవాళ్ళ మీదే. దీనికన్నా నన్ను ఎక్కువ భయపెట్టిన విషయం ఇంకొకటుంది. దెబ్బ తిన్న ఆడది దాదాపు ప్రతిసారీ సంతోషం నటిస్తుంది, లేదా ఏమీ జరగనట్టు ఉంటుంది. "అబ్బా" అనదు. "వద్దు" అనదు. చెయ్యి విదిలించదు.

ఇదీ పాఠం. ఆడదానికి నొప్పి ఉండదు. అలసట ఉండదు. ఈవేళ ఒంట్లో బాగాలేదనటం ఉండదు. పిల్లాడికి జ్వరం అన్న దిగులు ఉండదు. అడగాల్సిన పని లేదు, ఆగాల్సిన పని అంతకన్నా లేదు. పద్నాలుగేళ్ళ వయసునుంచీ పదేళ్ళపాటు రోజూ ఈ పాఠమే చదువుకున్న కుర్రాడికి పెళ్ళి చేసి, నిజమైన అమ్మాయిని తెచ్చి పక్కన కూర్చోబెడితే ఏమవుతుంది? ఆ అమ్మాయి నొప్పి అతనికి లోపంలాగా కనిపిస్తుంది. సిగ్గు నాటకంలాగా కనిపిస్తుంది. "వద్దు" అన్నమాట అసలు వినిపించనే వినిపించదు.

అతనూ ఈ బడిలో నష్టపోయినవాడే. తన ఒంటిని ఆ తెరమీది నటులతో పోల్చుకుని, నాలో ఏదో లోటుందని కుమిలిపోయి, బస్టాండు గోడలమీద ప్రకటనలు చూసి దొంగ వైద్యుల దగ్గరికి పరిగెత్తే కుర్రాళ్ళు ఎంతమంది లేరు! విజయవాడ డాక్టర్ సమరంగారు వారపత్రికల్లో ప్రశ్నలు-జవాబులుగా ఏళ్ళ తరబడి ఓపిగ్గా చెప్పుకొచ్చింది ఈ భయాల గురించే కదా.

మన శృంగారం వేరు

ఇక్కడ ఒక వాదన వస్తుంది. "మన కావ్యాల్లో లేని శృంగారమా? మన గుళ్ళమీద లేని బొమ్మలా?" అని. ఉంది. ఉన్నదాన్ని కాదనటం దేనికి? కానీ ఒక్కసారి దాన్ని సరిగ్గా చూడండి.

పారిజాతాపహరణంలో సత్యభామ ఏం చేసింది? అలిగింది. జగన్నాటక సూత్రధారి అంతటివాడు దిగొచ్చి ఆమె కాళ్ళదగ్గర తలవంచి బతిమాలుకున్నాడు. పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరు ఆస్థానంలోని ముద్దుపళని రాసిన కావ్యం పేరేమిటి? 'రాధికా సాంత్వనము'. సాంత్వనం అంటే ఊరడించటం, అనునయించటం. కోపగించిన రాధ మనసు కరిగే దాకా కృష్ణుడు ఆగాల్సిందే. మన శృంగారంలో అలక ఉంది. అలక అంటే ఏమిటి? "నాకూ ఒక మనసుంది, ముందు దాన్ని అడుగు" అని ఆడది చెప్పే మాట. అలక తీర్చటమంటే ఆ మాటని వినటం.

ఈ వీడియోల్లో అన్నీ ఉంటాయి, అలక మాత్రం ఉండదు. ఆ బొమ్మలు అలక ఎరగవు. నా దృష్టిలో శృంగారానికీ బూతుకీ తేడా బట్టల కొలతలో లేదు, ఇదిగో ఇక్కడుంది.

అయితే మన సమాజం ఈ తేడాని ఎన్నడూ సరిగ్గా పట్టుకోలేదు. ముద్దుపళని కావ్యాన్ని వీరేశలింగం పంతులుగారంతటివారే ఆడవాళ్ళు నోట పలకరానిదన్నారు. బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో దాన్ని తిరిగి అచ్చువేయించి, సిగ్గు ఆడవాళ్ళకేనా, మగకవులకి అక్కర్లేదా అని పీఠికలో నిలదీసింది. మర్నాటి ఏడాదే ఇంగ్లీషు ప్రభుత్వం అశ్లీలమని దాన్ని నిషేధించింది. టంగుటూరి ప్రకాశం పంతులుగారు మద్రాసు రాష్ట్రానికి ప్రధానిగా ఉండగా ఆ నిషేధం తొలగింది. 1952లో వావిళ్ళవారు మళ్ళీ అచ్చువేశారు.

అంతదూరం ఎందుకు? 1980లు, 90ల్లో మన స్త్రీవాద కవయిత్రులు తమ శరీరం గురించి, కాన్పు నొప్పుల గురించి, తమని తడిమే చూపుల గురించి రాస్తే దాన్ని 'నీలి కవిత్వం' అని వెక్కిరించినవాళ్ళున్నారు. 1993లో ఓల్గా సంపాదకత్వంలో ఆ కవితల సంకలనం 'నీలిమేఘాలు' వచ్చింది. చూశారా చిత్రం! ఆడది తన ఒంటి గురించి తాను నోరు విప్పితే బూతు. ఆడదాని ఒంటిని ఇంకొకడు అమ్ముకుంటే అది వ్యాపారం, కొనుక్కుని చూస్తే సరదా!

తెర దాటి వచ్చింది

సరదా అనేది తెరమీదే ఆగిపోతే ఒక మాట. ఆగటం లేదు.

2015 ఫిబ్రవరిలో హైదరాబాదులోని 'ప్రజ్వల' సంస్థ వ్యవస్థాపకురాలు సునీతా కృష్ణన్‌కి రెండు వీడియోలు చేరాయి. రెండూ నిజంగా జరిగిన అత్యాచారాలు. చేసినవాళ్ళే నవ్వుతూ తీసుకున్నారు. అవి వాట్సాప్‌లో చేతులు మారుతూ తిరుగుతున్నాయి. ఎవరో నటులు నటించింది కాదు, ఒక ఆడపిల్ల బతుకు కూలిపోవటం అక్కడ 'చూసే వస్తువు' అయింది. సునీత ఏం చేశారో తెలుసా? బాధితుల ముఖాలు కనపడకుండా కప్పేసి, నేరస్తుల ముఖాలు మాత్రం లోకానికి చూపించారు. అందుకు ఆమె కారు మీద రాళ్ళు పడ్డాయి. ఆమె సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తికి లేఖ రాస్తే కోర్టు దాన్నే కేసుగా తీసుకుని సీబీఐ దర్యాప్తుకి ఆదేశించింది. ఆ కేసు ఫలితంగానే 2018లో కేంద్రం సైబర్ నేరాల మీద ఫిర్యాదు చేసే పోర్టల్ తెరిచింది. సిగ్గుని బాధితురాలి దగ్గర్నుంచి తీసుకెళ్ళి దాని సొంతదారుకి అప్పగించటం అంటే అదీ!

కానీ అయిదేళ్ళు తిరక్కముందే, 2019 నవంబరులో, హైదరాబాదు శివార్లలో ఒక యువ పశువైద్యురాలిని అత్యాచారం చేసి చంపి కాల్చేశారు. దేశమంతా కొవ్వొత్తులు వెలిగించింది. అవే రోజుల్లో అశ్లీల సైట్లలో జనం ఎక్కువగా వెతికిన పేర్లలో ఆ అమ్మాయి పేరు కూడా చేరిందని పత్రికలు రాశాయి. కొవ్వొత్తి పట్టుకున్న చెయ్యి, ఆ పేరు వెతికిన చెయ్యి... రెండూ వేరువేరు మనుషులవేనని మనసుకి నచ్చచెప్పుకోవాలి.

ఇక మన ఇంటి పక్కకే వద్దాం. 2023 నవంబరులో నటి రష్మిక ముఖాన్ని వేరొక యువతి శరీరానికి కంప్యూటర్లో అతికించిన వీడియో దేశమంతా తిరిగింది. అది నీలిచిత్రమేమీ కాదు. కానీ అడగకుండా ఒక ఆడదాని ఒంటిని తీసేసుకోవటమనే పాఠం అందులోనూ అదే. 2024 జనవరిలో ఢిల్లీ పోలీసులు దాన్ని తయారుచేశాడని అరెస్టు చేసింది ఎవర్నో కాదు, మన గుంటూరు జిల్లా కుర్రాణ్ణి. ఇంజనీరింగ్ చదివినవాడు. ఆ నటి అభిమానినని చెప్పుకుంటూ ఆమె పేరుతో పేజీ నడుపుతున్నవాడు. పోలీసులు చెప్పిన కారణం ఏమిటి? పేజీకి జనం పెరగాలని! ఈ పని తాను బళ్ళోనో కాలేజీలోనో చదివే రోజుల్లో జరిగి ఉంటే ఎలా తట్టుకునేదాన్నో ఊహించలేనని రష్మిక అన్నారు. అంత పేరున్న నటికే అలా అనిపిస్తే, మన కాలేజీ పిల్లల గతేమిటి?

ఆ పిల్లల గుండెల్లో ఏముందో 2024 ఆగస్టులో తెలిసింది. కృష్ణా జిల్లా గుడ్లవల్లేరు ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్లో స్నానాలగదిలో రహస్య కెమెరాలు పెట్టారన్న మాట పుట్టి, వందలమంది అమ్మాయిలు అర్ధరాత్రి బయటికొచ్చి ఆందోళన చేశారు. పోలీసులు వెతికి కెమెరాలేవీ దొరకలేదన్నారు. దొరక్కపోవటం మంచిదే. కానీ ఒక్క మాట వినగానే అంతమంది పిల్లలు దాన్ని నమ్మి వణికిపోయారంటే అర్థమేమిటి? గోడకి కళ్ళుంటాయన్న భయంతోనే వాళ్ళు రోజూ స్నానం చేస్తున్నారన్నమాట.

అన్నింటికీ అదే కారణమా?

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. 2018 మే నెలలో మా పక్కనే దాచేపల్లిలో ఒక పసిపిల్ల మీద జరిగిన అఘాయిత్యం ఈ ప్రాంతాన్నంతా కుదిపేసింది. జనం అద్దంకి-నార్కెట్‌పల్లి రోడ్డు మీద బైఠాయించారు. నిందితుడు రెండు రోజులకే ఉరికి వేలాడుతూ శవమై కనిపించాడు. ఇలాంటిది ఏది జరిగినా "అంతా ఈ ఫోన్ల వల్లే" అనేస్తాం. నిజంగా అంతేనా? ఫోన్లు పుట్టకముందు పసిపిల్లలకి రక్షణ ఉండేదా? బూతు చూసిన ప్రతివాడూ నేరం చెయ్యడు, చెయ్యాలనుకున్నవాడికి బూతే అక్కర్లేదు. నేరానికి జవాబుదారు నేరం చేసినవాడే. "ఫోను పాడుచేసింది" అంటే వాడికి ఒక సాకు అందించినట్టే అవుతుంది. నేను భయపడేది నేరాలకన్నా ముందుండే సంగతికి. ఏ పోలీసు స్టేషనుకీ ఎక్కని మామూలు కాపురాల్లో, మామూలు కుర్రాళ్ళ చూపుల్లో వస్తున్న మార్పుకి.

నిషేధిస్తే సరిపోదా అంటే, ప్రయత్నాలు జరిగాయి. 2015 ఆగస్టులో కేంద్రం 857 సైట్లను మూయించి, గొడవ కాగానే కొద్దిరోజుల్లో వెనక్కి తగ్గింది. 2018లో డెహ్రాడూన్‌లో బడిపిల్ల మీద అత్యాచారం చేసిన కుర్రాళ్ళు ముందుగా అలాంటి వీడియోలు చూశామన్నారు. దాంతో ఉత్తరాఖండ్ హైకోర్టు ఆదేశించగా 827 సైట్లు మూశారు. మూసిన కొన్ని సైట్లు పేరు చివర నాలుగక్షరాలు మార్చుకుని మళ్ళీ తెరుచుకున్నాయి. మరికొన్నింటికి వేరే దొడ్డిదారులున్నాయి.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు చీపుళ్ళు పట్టుకుని సారా కొట్టు మూయించారు. ఆ సారాకి ఒక కొట్టుంది, ఒక పాకుంది, ఒక కాంట్రాక్టరున్నాడు. ఈ సరుకుకి కొట్టేదీ? చీపురు ఎక్కడ తిప్పాలి? అయినా దూబగుంట ఒకటి నేర్పింది. "మొగుడు తాగటం ఇంటి గుట్టు" అని ఊరుకున్నంతకాలం ఏమీ కదల్లేదు. నలుగురూ కూర్చుని "మా ఇంట్లోనూ అంతే" అనుకున్న రోజున కదిలింది.

2018 జనవరిలో రాంగోపాల్ వర్మ ఒక విదేశీ నీలిచిత్రాల నటితో 'గాడ్, సెక్స్ అండ్ ట్రూత్' తీసి ఇంటర్నెట్లో విడుదల చేసినప్పుడు మహిళా సంఘాలు మండిపడ్డాయి, హైదరాబాదు పోలీసులు కేసు పెట్టారు. టీవీల్లో రోజులతరబడి చర్చ. ఒకాయన స్వేచ్ఛ అన్నాడు, ఇంకొకాయన సంస్కృతి అన్నాడు. పడకగదిలో ఫోను మొహమ్మీద పెట్టించుకునే ఇల్లాలి ఊసు మాత్రం ఏ వైపునుంచీ పెద్దగా వినపడలేదు.

చట్టంలో ఉన్న ఒక గడి

ఆ ఇల్లాలి ఊసు ఒకచోట ఉంది. చాలామందికి తెలీదు.

2005లో చేసిన గృహహింస చట్టం 2006 అక్టోబరులో అమల్లోకి వచ్చింది. దానికింద ఫిర్యాదు చేస్తే రక్షణ అధికారి నింపే ఒక ఫారం ఉంటుంది. అందులో 'లైంగిక హింస' అన్న శీర్షిక కింద వరసగా గడులుంటాయి. బలవంతపు సంభోగం ఒక గడి. భార్యకి బలవంతంగా అశ్లీల చిత్రాలు చూపించటం ఇంకో గడి! అంటే "ఎవరితో చెప్పమంటారక్కా" అన్న ఆ అమ్మాయి కష్టానికి చట్టం ఎప్పుడో పేరు పెట్టింది. అది 'సర్దుకుపోవాల్సిన' విషయం కాదు, హింస అని ఒప్పుకుంది. 2024 జూలై నుంచి అమలైన భారతీయ న్యాయ సంహితలో భర్త చేసే బలవంతాన్ని అత్యాచారంగా గుర్తించలేదన్నది నిజమే. అది వేరే పోరాటం. ఈ గడి మాత్రం మన చేతిలో ఉంది. 181 నంబరు మహిళా హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తే దారి చూపిస్తారు.

ఇంకొన్ని సంగతులు ప్రతి ఇంట్లో ఆడపిల్లకీ మగపిల్లాడికీ తెలియాలి.

ఆడపిల్లని చాటుగా ఫొటో తీయటమే కాదు, ఆమె ఒకప్పుడు ఇష్టపడి తీయించుకున్న ఫొటోని ఇప్పుడు ఆమె ఒప్పుకోకుండా ఇంకొకరికి పంపినా నేరమే. మొదటిసారికే ఏడాదినుంచి మూడేళ్ళ దాకా జైలు. "తనే ఇచ్చింది కదా" అన్న మాట చెల్లదు. లైంగిక చర్యల వీడియోలు పంపితే ఐటీ చట్టం కింద అయిదేళ్ళ దాకా శిక్ష, పది లక్షల దాకా జరిమానా. పిల్లల మీద జరిగిన లైంగిక దోపిడీ వీడియోల విషయంలో 2024 సెప్టెంబరు 23న సుప్రీంకోర్టు గట్టి తీర్పిచ్చింది. వాటిని ఇంకొకరికి పంపకపోయినా, చూసి, తుడిచేయకుండా దగ్గర ఉంచుకున్నా నేరం కిందికి రావచ్చు. వాటిని పోర్నోగ్రఫీ అనకూడదనీ, పిల్లల మీద దోపిడీ అనే పిలవాలనీ కూడా చెప్పింది. పదిమంది ఉన్న గ్రూపులో నవ్వుకుంటూ ముందుకి తోసే పిల్లాడికి ఇది ఎవరో ఒకరు చెప్పాలి కదా!

ఫొటో బయటికి పోయిందని తెలిస్తే కంగారులో ఫోన్లోవి చెరిపెయ్యకండి. వచ్చిన బెదిరింపులూ, పంపినవాడి నంబరూ కనపడేలా స్క్రీను ఫొటోలు తీసి దాచండి. సైబర్ క్రైమ్ పోర్టల్లో పేరు చెప్పకుండా కూడా ఇలాంటి ఫిర్యాదు ఇవ్వొచ్చు. 'స్టాప్ ఎన్‌సీఐఐ' అని 2021లో మొదలైన ఒక ఉచిత ఏర్పాటుంది. పద్దెనిమిదేళ్ళు దాటినవాళ్ళు మన ఫొటో మన ఫోన్లోనే ఉంచుకుని, దాని గుర్తు మాత్రం పంపితే, అందులో చేరిన కంపెనీలు ఆ ఫొటో తమ దగ్గరికి రాకుండా ఆపుతాయి.

వంటింట్లో మొదలవ్వాల్సిన మాట

చట్టం జరిగినదానికి మందు. జరగకుండా ఉండాలంటే మనమే మాట్లాడాలి. ఒకప్పుడు మాలతీ చందూర్‌గారి 'ప్రమదావనం'లో ఆడవాళ్ళు అమ్మనడగలేని ప్రశ్నలు అడిగి తెలుసుకునేవాళ్ళు. ఇవాళ పిల్లలు అమ్మనడగలేని ప్రశ్న ఫోన్నడుగుతున్నారు. ఫోను వెంటనే జవాబు చెబుతుంది, తప్పు జవాబు. మనం నోరు మూసుకుంటే వాడికి మిగిలే మాస్టారు అదొక్కటే.

కొడుకు ఫోన్లో అలాంటిది కనపడిందనుకోండి. కొట్టకండి. ఊరంతా చాటకండి. వాళ్ళ నాన్న ముందు దోషిలాగా నిలబెట్టకండి. ఆ వయసులో ఆసక్తి పుట్టటం పాపం కాదు, ఇంకా మాట్లాడితే ఆరోగ్యం. వాడి పక్కన కూర్చుని, వంకాయలు కోస్తూనో, బట్టలు మడతపెడుతూనో, కళ్ళలోకి చూడకుండా అయినా సరే, నాలుగు ముక్కలు చెప్పండి. "అది నటన రా. అక్కడ డబ్బుంది, కెమెరా ఉంది, బలవంతం కూడా ఉండొచ్చు. నిజం మనుషులు అట్లా ఉండరు. నిజం అమ్మాయిని ముందు అడగాలి. వద్దంటే ఆగాలి. ఆగటం చేతకానితనం కాదు, మగతనం." గొంతు తడబడుతుంది. తడబడనివ్వండి. తండ్రి చెప్పగలిగితే మరీ మంచిది. తండ్రుల్ని ఈ బాధ్యతనుంచి మనమే తప్పించేస్తున్నాం.

కూతురికి చెప్పాల్సిన మాట ఇంకొకటుంది. "నీ ఫొటో పెట్టుకుని ఎవడైనా బెదిరిస్తే ముందు నా దగ్గరికి రా. ఎందుకు దిగావు, ఎందుకు పంపావు అని నేను అడగను. ముందు వాడి సంగతి చూద్దాం, తర్వాత మన సంగతి." ఈ మాట ఏమీ జరగకముందే చెప్పి ఉంచాలి. అమ్మ ఏమంటుందోనన్న భయంతోనే బెదిరించేవాడు అడిగినంతా ఇస్తూపోయే పిల్లలున్నారు. బావి గట్టుకి వెళ్ళిన పిల్లలున్నారు. వాడి చేతిలో ఆయుధం ఆ ఫొటో కాదు, మన పరువు భయం. దాన్ని మనం వదిలేస్తే వాడి చేతిలో మిగిలేది ఒట్టి ఫోనే.

ఇక భార్యాభర్తల మాట. చూడటం మానమని యుద్ధం చేస్తే అబద్ధం ఒకటి పెరుగుతుంది తప్ప అలవాటు పోదు. "నాకు ఇది నొప్పి, ఇది ఇష్టం, ఇది అవమానం" అని పగటిపూట, కోపం లేనప్పుడు, మాటల్లో చెప్పటం మొదలుపెట్టాలి. కష్టమే. "మా తల్లిదండ్రులు చెప్పుకున్నారా" అనిపిస్తుంది. వాళ్ళ పడకగదిలో ఈ మూడో మనిషి లేడు మరి. చెప్పినా వినకుండా బలవంతపెడితే, పైన చెప్పిన ఆ గడి ఉందని గుర్తుపెట్టుకోండి.

ఆడవాళ్ళు అలగటం మానేసిన ఇల్లు ప్రశాంతంగా ఉన్నట్టు కనిపిస్తుంది. అది ప్రశాంతత కాదు. అలిగినా అడిగేవాళ్ళు లేరని తెలుసుకున్నవాళ్ళే అలగటం మానేస్తారు. మన కోడలు, మన కూతురు, మన పక్కింటి అమ్మాయి ఎప్పుడైనా మాట మధ్యలో ఆగిపోయి తలదించుకుంటే, "సర్దుకుపో" అనకుండా ఒక్క నిమిషం కూర్చుని "ఏమైందే?" అని అడుగుదాం.